పుంజు జోరుగానే ఉంది, గుడ్లలో మాత్రం పిల్ల కట్టడం లేదు

చంద్రగిరి నాటుకోళ్లు:
అన్నలూ, ఒక డౌటు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పుంజు, తొమ్మిది పెట్టలు మేపుతున్నా. చిన్న ఇంక్యుబేటర్‌లో పిల్లలు తీస్తున్నా. మే మొదట్లో కత్తిరి ఎండలు మొదలైనప్పుడు పెట్టిన గుడ్లు బాగానే పిల్లలయ్యాయి. నెలాఖరుకు వానలు పడి చల్లబడింది. ఇక ఆ తర్వాత పెట్టిన గుడ్లు ఏడో రోజు లైటు పెట్టి చూస్తే సగానికి పైగా వట్టివే. నరాల్లేవు, రక్తపు గీత కూడా లేదు. పుంజును చూస్తే జుట్టు ఎర్రగా ఉంది, కూత గట్టిగా ఉంది, పెట్టలను ఎక్కడంలోనూ తగ్గలేదు. ఎండల్లో బాగుండి చల్లబడ్డాక చెడిపోవడం ఏంది? మిషన్ తేడానా, పుంజు తేడానా? సంతలో అమ్మేద్దామని మా నాయన ఒకటే పోరు.

పుత్తూరు పందెం:
పుంజుకు వయసైపోయుంటుంది బ్రో. మార్చెయ్. కాదంటే నాలుగు రోజులు బాదం, గుడ్డు తెల్లసొన పెట్టి చూడు.

పాత ఫారం మనిషి:
బాదం దాకా ఎందుకులే. తమ్ముడూ, పుంజును అమ్మకు. ముందు ఈ రోజు పెట్టిన గుడ్డు ఒకటి పళ్లెంలో కొట్టి చూడు. పచ్చసొన మీద తెల్ల చుక్క ఉంటుంది. అది చిన్నగా, ముద్దగా, అంచు అడ్డదిడ్డంగా ఉంటే పుంజు వీర్యకణం దాన్ని చేరలేదని. కాస్త పెద్దగా, గుండ్రంగా, చుట్టూ తెల్ల రింగు కట్టినట్టు ఉంటే చేరిందని. ఒక్క గుడ్డుతో తేల్చుకోవద్దు, నాలుగైదు కొట్టు. రింగు ఉన్న గుడ్లే పెడుతున్నా పిల్ల కట్టకపోతే అప్పుడు మిషన్‌ని అనుమానించు.

నా లెక్కలో ఇది మే నెల ఎండ దెబ్బే. కోడిని కోసేటప్పుడు చూసుంటావు కదా, వీపు ఎముకకు అతుక్కుని, కిడ్నీల ముందు కొసన రెండు తెల్లటి గింజలు. వృషణాలు అవే. పొట్టేలుకైతే బయట వేలాడుతూ ఒంటికంటే చల్లగా ఉంటాయి. పుంజుకు లోపలే, దాదాపు 41 డిగ్రీల ఒంటివేడిలోనే వీర్యకణాలు తయారవుతాయి. ఆ వేడి దానికి అలవాటే. కానీ రేకుల కింద నోరు తెరిచి రొప్పుతోందంటే ఒళ్లు అంతకు మించి కాగుతోందని అర్థం. మేత తగ్గుతుంది, లోపల కణాల తయారీ కుంటుబడుతుంది.

అది ఆ రోజే బయటపడదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. వృషణంలోని సన్నటి గొట్టాల్లో మూల కణం విడిపోతూ పోతుంది, క్రోమోజోములు సగమవుతాయి, చివరికి ఒక గుండ్రటి కణం మిగులుతుంది. ఆ గుండ్రటిది సాగి, తోక మొలిచి, తల సూదిలా సన్నబడాలి. అంతా అయ్యేసరికి దాదాపు రెండు వారాలు. ఇదే పనికి ఆబోతుకు రెండు నెలలు పడుతుంది. అక్కడితో అయిపోలేదు. మెలికలు తిరిగిన వీర్యనాళం గుండా కిందికి దిగడానికి ఇంకో ఒకటి నుంచి నాలుగు రోజులు. వృషణంలోంచి అప్పుడే వచ్చిన కణానికి ఈత సరిగా రాదు. నాళం దాటేసరికి ఆ సత్తా వస్తుంది.

పెట్ట ఇంకా గడుసుది. గర్భాశయం, యోని కలిసేచోట గోడలో సన్నటి అరలుంటాయి. పుంజు ఎక్కినప్పుడు వచ్చిన కణాల్లో కొన్నిటిని అక్కడ దాచుకుని, రెండు మూడు వారాల దాకా గుడ్డు గుడ్డుకూ వాడుకుంటుంది. అంటే కత్తిరి మొదట్లో నీ గుడ్లు నిలబడింది ఏప్రిల్ సరుకుతో! ఎండల్లో తయారైన సరుకు వంతు ఇప్పుడొచ్చింది.

నేను బ్రీడర్ ఫారంలో ఏఐ, అంటే పుంజు వీర్యం తీసి పెట్టలకు ఎక్కించే పని చేసినవాణ్ణి. ఒకరు పుంజును పట్టుకుంటే ఇంకొకరు నడుము మీంచి తోక వైపు నిమిరి వీర్యం తీసేవాళ్లం. వచ్చేది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు, చిక్కటి పాలలా ఉంటుంది. మంచి పుంజుదైతే ఒక్క మిల్లీలీటరుకు 300 నుంచి 700 కోట్ల కణాలు. ఎండాకాలం అదే పుంజుకు నీళ్లగా వచ్చేది, జుట్టు ఎరుపు మాత్రం ఏం తగ్గేది కాదు. అందుకే జుట్టును, కూతను చూసి మోసపోవద్దు.

చల్లబడిన రోజు నుంచి మూడు వారాలు ఆగు. ఈలోపు గుడ్లు ఇంట్లోకి వాడుకో. షెడ్డు మీద తడి గోనెపట్టాలు వెయ్యి, మళ్లీ ఎండ కాస్తే పనికొస్తాయి. అప్పటికీ చుక్క మారకపోతే పుంజును తిరుపతి వెటర్నరీ కాలేజీలో చూపించు.

పలమనేరు అక్క:
అన్నా, నాదీ అలాంటిదే. నాటు పుంజును తీసేసి ఆసిల్ జాతి పుంజును వదిలా. రెండో రోజు నుంచే గుడ్లు పొదగేస్తే పాత పుంజు పోలికతో పిల్లలొచ్చాయి. అమ్మినాయన మోసం చేశాడని ఫోన్ చేసి గట్టిగానే అడిగేశా.

పాత ఫారం మనిషి:
ఆయన తప్పేం లేదమ్మా. అవి పెట్టలు దాచుకున్న పాత పుంజు కణాలు. సాధారణంగా తర్వాత ఎక్కిన పుంజుదే పైచేయి అవుతుంది గానీ మొదట్లో కలగలుపు తప్పదు. జాతి ముఖ్యమనుకుంటే పాత పుంజును తీసేశాక మూడు వారాల గుడ్లు పొదగెయ్యొద్దు.

చంద్రగిరి నాటుకోళ్లు:
అన్నా, ఐదు గుడ్లు కొట్టి చూశా. మూడిట్లో ముద్ద చుక్క, రెండిట్లో రింగు. మా నాయనకు చూపిస్తే సరే ఆగుదాం అన్నాడు. ఇంకొకటి అడుగుతా. ఐదు నెలల కుర్ర పుంజు ఒకటి ఉంది, కూస్తోంది కూడా. ఈలోపు దాన్ని వదలచ్చా?

పాత ఫారం మనిషి:
కూసినంత మాత్రాన సరిపోదు, ఇంకో రెండు నెలలు పోనీ. ఇప్పుడే వదిలితే పెద్దది తరిమి పొడిచి దాన్ని బెదరగొడుతుంది. తర్వాత వదిలినా పొద్దుగూకే ముందు పెట్టలతో కలిసేలా చూడు. పొద్దున చాలా పెట్టల కడుపులో గట్టి గుడ్డు అడ్డం ఉంటుంది, కణాలు పైకి పోవు. ఇంకో మాట, రేపు పుంజుగా ఉంచుకోవాలనుకునే పిల్లకు మొదటి రెండు నెలలు మేతలో పిసినారితనం చెయ్యొద్దు. వీర్యకణాలను సాకే కణాలు వృషణంలో పెరిగేది ఆ వయసులోనే, తర్వాత ఎంత మేపినా అవి పెరగవు.