కొత్త బిచ్చగాడు పొద్దెరగడు: అంతరిక్ష ఆటలో అడుగుపెట్టినవారికి ఈ సామెత తగునా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. విజయనగరంలో డిగ్రీ చదువుతున్న మా పిన్ని కొడుకు ఈమధ్యే ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష ఆటలో చేరాడు. ఐస్‌లాండులోని సీసీపీ గేమ్స్ సంస్థ 2003 మే నెలలో విడుదల చేసిన ఆట ఇది. చైనాకు ఉన్న ప్రత్యేక సర్వరును పక్కన పెడితే, లోకంలోని ఆటగాళ్ళందరూ ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వరులో, ఒకే ఆకాశం కింద ఉంటారు. నేను ఆరేళ్ళుగా ఆడుతున్నాను కనుక, మొదటి నెలలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుగులో నాలుగు పేజీలు రాసి పంపమని తమ్ముడు అడిగాడు. రాశాను. మొదటి పేజీకి ‘కొత్త బిచ్చగాడు పొద్దెరగడు’ అని శీర్షిక పెట్టాను.

ఆ కాగితాలు వాడికన్నా ముందు మా పిన్ని చదివింది. “ఆడుకోవడానికి వెళ్ళిన పిల్లాణ్ణి పట్టుకుని బిచ్చగాడంటావేమిటే” అని ఫోనులోనే కోప్పడింది. అప్పటినుంచి నాకూ అనుమానం పట్టుకుంది. ఈ సామెతలో ఎగతాళి బిచ్చమెత్తడం మీదనా, పొద్దెరగకపోవడం మీదనా? ‘పొద్దెరగడు’ అన్నా ‘పొద్దు తెలియదు’ అన్నా ఒకటేనా? ఈ సామెత వద్దనుకుంటే, ఆటలో కొత్తవాళ్ళను పిలిచే ‘న్యూబీ’ అనే మాటకు తెలుగులో ఏది పొసగుతుంది? పెద్దలు చెప్పగలరు.

జవాబు

అమ్మాయ్, మీ పిన్నిగారి కోపం న్యాయమైనదే కానీ, సామెత మీద పెట్టిన నేరం నిలవదు. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి ఇదే ఆట ఆడుతుంటే వెనక కుర్చీ వేసుకుని చాలా రాత్రులు చూశాను కాబట్టి, నీ ప్రశ్నలో రెండు వైపులా నాకు కొంత పరిచయమే.

‘బిచ్చం’ అనేది ‘భిక్ష’కు వికృతి. భిక్ష అనగానే తలవంపు అనుకోవడం మన కాలపు ఆలోచన. వారాలు చేసుకుని చదువుకున్నవారు, మధూకరం ఎత్తుకున్న విద్యార్థులు, యాయవారానికి వెళ్ళినవారు మన తాతల తరంలో ఉన్నారు. వీరందరికీ ఒక లెక్క ఉండేది. ఏ ఇంట్లో ఎసరు ఎప్పుడు పెడతారో, అన్నం ఎప్పుడు వారుస్తారో, ఏ ఇల్లాలు మడి విడవకముందు గడప దాటి రాదో పాతవాడికి తెలుసు. అన్నం ఇంకా పొయ్యి మీద ఉండగా వెళితే ‘చేయి ఖాళీ లేదు’ అంటారు. సందెదీపం పెట్టాక వెళితే, ఆ వేళ చేబదులుకు ఉప్పు కూడా బయటికి పంపని ఇళ్ళలో బిచ్చం మాట అడగనే అక్కర్లేదు. కొత్తవాడికి ఈ లెక్క తెలియదు. వాడికి ఆకలి తెలుసు, ఉత్సాహం ఉంది, కాళ్ళలో సత్తువ ఉంది. కాబట్టి తెల్లవారుజామునా వస్తాడు, మిట్టమధ్యాహ్నమూ వస్తాడు, దీపాలు పెట్టాకా వస్తాడు. తిరిగిన గడపలు ఎక్కువ, జోలెలో పడినది తక్కువ. సామెత నవ్వుతున్నది ఈ వేళ ఎరగని తిరుగుడును చూసి. పాత బిచ్చగాణ్ణి సామెత ఒక్క మాట అనలేదు, గమనించు.

ఇక ‘పొద్దు’. పాత రూపం ‘ప్రొద్దు’. సూర్యుడు అనీ, వేళ అనీ, దినం అనీ దానికి అర్థాలు. పొద్దు పొడిచింది అంటే సూర్యుడే, పొద్దుతిరుగుడు పువ్వులోనూ సూర్యుడే. పొద్దుపోయాక రాకు అంటే వేళ. తమిళంలో ‘పొళుదు’, కన్నడంలో ‘హొత్తు’ దీని తోబుట్టువులు. మనం రోజుకు వందసార్లు అనే ‘ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు’ల తోకకు కూడా ఈ పొద్దుతో చుట్టరికం చెబుతారు భాషాశాస్త్రజ్ఞులు, తమిళంలో ‘ఇప్పొళుదు’ పక్కన పెట్టి చూస్తే ఆ పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంటే పొద్దెరగనివాడికి ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నే తట్టదన్నమాట.

నీ రెండో ప్రశ్న అసలైనది. ‘ఎరుగు’, ‘తెలియు’ రెండూ ఒకటే అర్థంగా వాడుతున్నాం కానీ, వాక్యంలో వాటి నడక వేరు. ‘వాడు ఎరగడు’ అన్నప్పుడు వాడే కర్త. ఎరగవలసిన పూచీ వాడిదే. ‘వాడికి తెలియదు’ అన్నప్పుడు వాడు పక్కన నిలబడ్డాడు, తెలియడం అనేది వాడికి జరగలేదు, అంతే. అందుకే ‘ఆ కబుర్లలో పొద్దు తెలియలేదు’ అంటే హాయిగా గడిచిందని అర్థం, అందులో తప్పెవరిదీ లేదు. ‘పొద్దెరగడు’ అంటే మాత్రం చూసుకోవలసినవాడు చూసుకోలేదని ఎత్తిపొడుపు. పైగా ఈ వ్యతిరేక రూపానికి కాలభేదం లేదు: ఎరగడు అంటే నిన్నా ఎరగడు, ఈరోజూ ఎరగడు, చెప్పేవాళ్ళు లేకపోతే రేపూ ఎరగడు. తెలంగాణలో ‘ఎరుక లేదు’ అని ఈ ధాతువును ఇప్పటికీ ఇంటి మాటగా వాడుతున్నారు. కోస్తాలో అది ‘నేనెరగను’ వంటి ఒకటి రెండు పలుకుబళ్ళకూ సామెతలకూ పరిమితమవుతోంది.

న్యూబీకి మాట కావాలంటే ‘కొత్త’ను మించినది వెతకవద్దు. ‘క్రొన్నెల’, ‘క్రొవ్విరి’ వంటి వాటిని చూసి ఎవరైనా ‘క్రొన్నావికుడు’ అని సలహా ఇస్తే దణ్ణం పెట్టి ఊరుకో. ‘అరంగేట్రం’ బాగానే ఉంటుంది కానీ, అది సాధన పూర్తయినవారు మొదటిసారి సభకెక్కడం. సాధన ఇంకా మొదలే కానివాడికి ఆ మాట బరువవుతుంది. ‘ఓనమాలు దిద్దుతున్నాడు’ అనవచ్చు. ఒక్కటి మాత్రం చూడు: ఆటగాడు, బిచ్చగాడు, ఇద్దరి వెనకా ఉన్నది ఒకే ప్రత్యయం. ‘కొత్త ఆటగాడు పొద్దెరగడు’ అని మార్చి పెట్టినా సామెత లయ చెడదు, పిన్నిగారూ శాంతిస్తారు.

మరొక సభ్యుని మాట

మాస్టారి వివరణ బాగుంది కానీ, మా వైపు ఈ సామెతను వేళ కాని వేళ అనే అర్థంలో కన్నా, అతి ఉత్సాహం అనే అర్థంలోనే ఎక్కువగా వింటాం. కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటి వారమే రాత్రి తొమ్మిదింటిదాకా ఆఫీసులో కూర్చునేవాణ్ణి చూసి పాత గుమాస్తాలు ఈ మాట అనేవారు. వాడు తప్పు వేళకు వచ్చాడని కాదు, ఆగవలసిన వేళకు ఆగలేదని. చెల్లెమ్మగారి తమ్ముడికి ఈ రెంటిలో ఏ అర్థం వర్తిస్తుందో, ఆ ఆటలో అసలు వేళ అనేది ఎలా పనిచేస్తుందో చెబితే గానీ తేల్చలేం. ఇంకొక చిన్న సందేహం: ఆటగాడికి స్త్రీలింగం ఏమిటి? ఆటకత్తె అంటే పాత వాడుకలో నాట్యం చేసే స్త్రీ కదా!

ప్రశ్న అడిగినవారి జవాబు

మాస్టారికీ, అన్నగారికీ కృతజ్ఞతలు. స్త్రీలింగం సంగతి నేను ఎన్నడో వదిలేసి ‘ఆడుతున్నాను’ అనే క్రియతోనే సరిపెట్టుకుంటున్నాను.

అన్నగారు అడిగిన వేళ సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ ఆటలో రెండర్థాలూ ఒకేసారి వర్తిస్తాయి. మామూలు ఆటల్లో ఎంతసేపు ఆడితే అంత బలం వస్తుంది. ఇందులో నైపుణ్యాలు గడియారాన్ని బట్టి పెరుగుతాయి. ఏది నేర్వాలో వరుసలో పెట్టి కంప్యూటరు కట్టేసి పడుకుంటే, మనం నిద్రలో ఉండగానే ఆ నైపుణ్యం పెరుగుతూ ఉంటుంది. ఒక్కో నైపుణ్యానికి ఐదు మెట్లు. అతి సులభమైన నైపుణ్యానికి మొదటి మెట్టు చేరడానికి 250 పాయింట్లు చాలు. రెండో మెట్టుకు మొత్తం 1,415, మూడో మెట్టుకు 8,000, నాలుగుకు 45,255, ఐదుకు 2,56,000 కావాలి. మొదటి మెట్లు నిమిషాల్లో, గంటల్లో అయిపోతాయి. నాలుగు నుంచి ఐదుకు, చందా కట్టినవారికే ఇంచుమించు ఐదు రోజులు పడుతుంది. చందా కట్టనివారిని ఆల్ఫా అంటారు, వారికి అందులో సగం వేగమే. కొత్తవాడు ఈ లెక్క ఎరగక, రాత్రంతా మేలుకుంటే ఓడ పెద్దదవుతుందనుకుంటాడు. మా తమ్ముడు మొదటి వారం చేసింది అదే.

ఏం చేశాడో చూడండి. వెంచర్ అనే చిన్న తవ్వకపు ఓడ దొరికింది. దాని కొట్లో 5,000 ఘనమీటర్ల రాయి పడుతుంది. అందరికన్నా చవకరకమైన వెల్డ్‌స్పార్ రాయి ఒక్కొక్కటి ఘనమీటరులో పదో వంతు, కాబట్టి కొట్టు నిండాలంటే యాభై వేల రాళ్ళు. రెండు లేజర్లు గ్రహశకలం మీదికి తిప్పి, నీలంగా మెరిసే ఆ రెండు గీతల్ని చూస్తూ తెల్లవారుజాము మూడింటిదాకా కూర్చున్నాడు. అదే సమయంలో ఐరోపాలో సాయంత్రం ముగిసి రాత్రి పడుతుంది, ఆటలో జనం కిక్కిరిసి ఉంటారు, వేటగాళ్ళూ ఉంటారు. భద్రత 0.5 ఉన్న చోట ఉన్నాను కదా అని ధీమాగా చాయ్ తెచ్చుకోవడానికి లేచాడు. తిరిగి వచ్చేసరికి ఓడ లేదు, గుడ్డు ఆకారంలో ఉన్న గుళికలో తాను మాత్రం తేలుతున్నాడు.

ఇక్కడే కొత్తవారు పొరబడే విషయం ఒకటి ఉంది. భద్రతను 1.0 నుంచి కిందికి లెక్కిస్తారు. 0.5, ఆపైన ఉన్న చోట్ల కాంకర్డ్ అనే పోలీసులు ఉంటారు. వాళ్ళు దాడిని ఆపరు. దాడి జరిగాక వచ్చి దాడి చేసినవాడి ఓడను పేలుస్తారు. రాళ్ళూ సరుకూ విలువైనవైతే, తన చవక ఓడ పోయినా ఫరవాలేదని లెక్క వేసుకునే దొంగకు అది అడ్డే కాదు. అందుకే ఈ ఆటలో మొదటి నీతి, పోయినా ఏడవనక్కర్లేని ఓడలోనే బయలుదేరాలని. తమ్ముడు ఉన్నదంతా పోసి వెంచర్‌కు ఖరీదైన సామాను బిగించుకున్నాడు, అది వేరే కథ.

భిక్ష మాట కూడా ఆటలో నిజంగానే ఉంది. ఓడ పోయినవాడు ఆ గుళికలోనే ఏదో ఒక స్టేషనుకు చేరితే, అక్కడ ఒక చిన్న ఓడ ఉచితంగా ఇస్తారు. ఎన్నిసార్లు పోగొట్టుకున్నా ఇస్తారు. కెరీర్ ఏజెంట్లు అని ఉంటారు. వాళ్ళు చెప్పిన చిన్న పనులు చేస్తే డబ్బుతోపాటు ఓడలు కూడా ఇస్తారు, కొత్తవారు ముందుగా వెళ్ళవలసిన గడప అదే. భయపడవలసింది ఇస్తానని పిలిచేవాళ్ళ దగ్గర. జీటా అనే పెద్ద సంతలో ‘ఎంత పంపితే అంతకు రెట్టింపు తిరిగి పంపుతాను’ అని అరిచేవాళ్ళు నిత్యం ఉంటారు. అక్కడి డబ్బును ఇస్క్ అంటారు. ఐస్‌లాండు క్రోనాకు ఉన్న సంకేతాక్షరాలు కూడా అవే. ఆ రెట్టింపు ఆశ చూపి దోచుకోవడం ఆట నిబంధనల ప్రకారం నేరం కాదు. పూర్తిగా కొత్తవారి కోసం కేటాయించిన నక్షత్ర మండలాల్లో మాత్రం వారిని వేధించడాన్ని సంస్థ నిషేధించింది.

ఆ గుళికను ఆటలో ‘పాడ్’ అంటారు. అది కూడా పేలిపోతే మన ప్రతిరూపం ఒకటి వేరే స్టేషనులో కళ్ళు తెరుస్తుంది. తెలుగువాళ్ళం నలుగురం కలిసి ఆడేటప్పుడు ‘వాడు పాడ్ అయ్యాడు’ అంటాం. వినేవాళ్ళ చెవిన అది ‘పాడయ్యాడు’ అనే పడుతుంది. అనువదించవలసిన అవసరం రాని ఆటమాట నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

అన్నగారూ, కాబట్టి మా తమ్ముడు తప్పు వేళకు వెళ్ళాడు, ఆగవలసిన వేళకూ ఆగలేదు. అయితే మాస్టారు చెప్పిన ఎరగడు, తెలియదు తేడా చదివాక నా శీర్షిక మరో రకంగా కనిపిస్తోంది. మూడింటిదాకా కూర్చున్న ఆ రాత్రి వాడికి పొద్దు తెలియలేదు, అంటే హాయిగానే గడిచింది. వాడు పొద్దెరగలేదు అన్నది నేను అక్కగా వేసిన తీర్పు. నాలుగు పేజీల్లో మొదటిది ‘పొద్దు తెలియని ఆట’ అనీ, రెండోది ‘పొద్దెరిగిన ఆటగాడు’ అనీ పెడదామనుకుంటున్నాను. రెండో పేజీలో గడియారం లెక్కలన్నీ వస్తాయి: ఆటలో కాలం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం ప్రకారం నడుస్తుంది, మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక, రోజూ అక్కడ పదకొండు కాగానే, అంటే మనకు సాయంత్రం నాలుగున్నరకు, సర్వరును కొద్ది నిమిషాలు ఆపి మళ్ళీ మొదలుపెడతారు.

మాస్టారు సూచించిన మార్పుకు కృతజ్ఞతలు, కానీ ‘కొత్త ఆటగాడు పొద్దెరగడు’లో ఆ జోలె, ఆ గడప, ఆ ఎసరు కనబడవు, సామెతను సామెతగానే లోపలి పేజీలో ఉంచి, మీరు చెప్పిన మధూకరం కథ కింద రాస్తాను. పిన్నికి నిన్న ఫోనులో అంతా చదివి వినిపించాను. బిచ్చగాడి సంగతి ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నాలుగున్నరకు ఆట దానంతటదే ఆగిపోతుందన్న వాక్యం మాత్రం రెండుసార్లు చదివించుకుని, రోజూ సరిగ్గా ఆ వేళకు టీ పెట్టి వాణ్ణి పిలుస్తానంది.