సమస్య: నీట మునుగు నావ నేల నిలిచె

ఇది సమస్యాపూరణం: ఇచ్చింది నాలుగో పాదం, ముందరి మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయాలి. ఛందస్సు ఆటవెలది. విశాఖ యాత్రకు అన్వయించాలి.

హనుమకొండ నుంచి:

రామకృష్ణ బీచి రహదారి చెంతను
కురుసురనెడి నావ కొలువుదీరె
ముప్పదొక్క యేండ్లు మున్నీటఁ దిరుగాడి
నీట మునుగు నావ నేల నిలిచె

పరిశీలన: గణాలు (లఘువు అంటే పొట్టి అక్షరం, గురువు అంటే పొడుగు అక్షరం; వాటి గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) శుద్ధం. ఈ నావ ఐఎన్ఎస్ కురుసుర అనే జలాంతర్గామి, ఇప్పుడు బీచి ఒడ్డున ప్రదర్శనశాల. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, ఏండ్ల లెక్కా సరే. చిక్కల్లా వరుసలో ఉన్నదన్నా. ఒడ్డున కొలువుదీరినంక సముద్రంలో తిరిగినట్టయింది. 'నావ' రెండుసార్లు వచ్చింది. ఒకటి, మూడు పాదాలకు గణనియమం ఒకటే కనుక తారుమారు చేయవచ్చు:

ముప్పదొక్క యేండ్లు మున్నీటఁ దిరుగాడి
కురుసురనెడి పేరఁ గొలువు చేసి
రామకృష్ణ బీచి రహదారి చెంతను
నీట మునుగు నావ నేల నిలిచె

జనగామ నుంచి:

సోమవారమందు మూసియుండు నదియు
తక్కినట్టి దినము దారి దెఱచు
నూఱు గజములుండు నునుపైన మేనితో
నీట మునుగు నావ నేల నిలిచె

పరిశీలన: మొదటి పాదంలో యతిభంగం. 'సో'కు 'మూ' అచ్చులో కలిసింది, హల్లులో కలవలేదు. సకారానికి చ, జ, శ, ష చెల్లుతాయి. 'సోమవారమందుఁ జూడ వీలే లేదు' అంటే సరిపోతుంది. పొడవు 91.3 మీటర్లు, అంటే నూరు గజాలే. ఈ పాదం నాకు చాలా నచ్చిందమ్మా. నునుపు మాత్రం బయటికే. లోపల గొట్టాలు, కవాటాలు, గదికీ గదికీ నడుమ గుండ్రని ఇరుకు ద్వారాలు. తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. పెద్ద సంచులు మోసుకుపోవద్దు. టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనుక నాలుగు. వాటి మీద ఎవరైనా పూరించండి.

కరీంనగర్ నుంచి:

ఓరుగంట నెక్కి యొక రేయి పయనించి
విశాఖఁ జేరి చూచు వేళయందు
ఎగురు నోడ వచ్చి యెదుటనే కాలూన
నీట మునుగు నావ నేల నిలిచె

పరిశీలన: మూడో పాదం ఈ వారానికే మేటి. రోడ్డుకు అవతల 2017 డిసెంబరు నుంచి ప్రదర్శనకు ఉన్న టీయూ-142 విమానం గురించే కదా! రెండో పాదం మాత్రం కుంటుతున్నది. 'విశాఖ' లఘువుతో మొదలై వెంటనే గురువు వస్తుంది. రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే; అవి గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు) రెండే, పాదం మొదట ఆ మాట పడదు. ముందు రెండు లఘువులు పెడితే 'వి' ఆ గణంలో కలిసిపోతుంది: 'అదె విశాఖ చేరి యరయు వేళ'. 'వైజాగు' వాడదలిస్తే అది తగణం (రెండు గురువులు, ఒక లఘువు), బేసి పాదాల చివరి రెండు గణాల్లోనే చోటు.

మహబూబాబాద్ నుంచి: రేయి పయనం అన్నరు కనుక ఒక మాట. ఆదివారం సాయంత్రం వరంగల్లులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి విశాఖలో దిగేది సోమవారం. జనగామ అక్క చెప్పినట్టు ఆనాడు నావకు సెలవు. ఆ పూట సింహాచలం పెట్టుకొని, మంగళవారం బీచికి పోవాలె.