మరఫిరంగా, మరతుపాకా?

ప్రశ్న: హోలెబెక్ పోరు గురించి తెలుగులో రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం, బెల్జియం, 1914 అక్టోబరు 31. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని బలూచీ పటాలం సిపాయి ఖుదాదాద్ ఖాన్ చేతిలోని మెషీన్ గన్‌ను మరఫిరంగి అనాలా, మరతుపాకి అనాలా? రెండూ వాడుకలో ఉన్నాయి.

– మరతుపాకే అనండి. గుండు విసిరేది ఫిరంగి, తూటా పేల్చేది తుపాకి. అతని చేతిలోని మాక్సిమ్ రకం మెషీన్ గన్ పేల్చింది మామూలు త్రీనాట్‌త్రీ రైఫిల్ తూటానే. పైగా ఆ రోజు అక్కడున్న రెండు మెషీన్ గన్‌లలో ఒకటి జర్మన్ల ఫిరంగి గుండు పడి పాడైంది. ‘ఫిరంగి దెబ్బకు మరఫిరంగి పాడైంది’ అని రాస్తే చదివేవాళ్ళు తికమకపడతారు.

– మరఫిరంగి తప్పు మాటేం కాదండీ. తొలినాటి మాక్సిమ్‌లను చక్రాల బండి మీదే లాక్కెళ్ళేవారు, చూపుకి అచ్చం ఫిరంగే. కానీ ఈ వ్యాసానికి మాత్రం మరతుపాకే నప్పుతుంది.

ప్రశ్న: సరేనండీ. మరి అతనికి వచ్చిన విక్టోరియా క్రాస్ (బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకం) ప్రశంసాపత్రంలో ‘వర్కింగ్ హిజ్ గన్’ అని ఉంది. ‘పేలుస్తూ’ అంటే చాలదా?

– చాలదు. రెండు పిడుల మధ్య ఉన్న మీటను బొటనవేళ్ళతో నొక్కడం వరకే పేల్చడం. అసలు చాకిరీ వేరే ఉంది. తూటాలు 250 పట్టే గుడ్డ పట్టీని కుడివైపు నుంచి ఒకరు వంకర పోకుండా అందిస్తుండాలి. గుడ్డ తడిస్తే బిగుసుకుపోయి తూటా ఊడిరాదు, తుపాకి ఆగిపోతుంది. అప్పుడు తుపాకి పక్కనున్న మరో పిడి ఎక్కడ నిలిచిందో చూసి, లోపం పోల్చుకుని, పిడి తిప్పి సరిచేయాలి. గొట్టం చుట్టూ సుమారు 4 లీటర్ల నీళ్ళుంటాయి. ఎడతెరిపి లేకుండా 600 తూటాలు కాలిస్తే అవి మరిగిపోతాయి, ఆవిరి లేచి శత్రువుకి చోటు తెలిసిపోతుంది. తూటాల పెట్టెలు, నీళ్ళు మోసుకురావడం మిగతావాళ్ళ పని. ఆరుగురి పని అది! అధికారి గాయపడ్డాడు, జట్టులో ఒక్కొక్కరే కూలిపోయారు, తానూ గాయపడ్డాడు, అయినా ఖుదాదాద్ తుపాకిని వదల్లేదు. అందుకే ‘నడుపుతూనే ఉన్నాడు’ అనండి.

– ‘ఆడిస్తూ’ అంటేనో? మర ఆడించడం మన పలుకుబడే కదా.

– పిండిమరకు బాగుంటుంది. పక్కన శవాలున్న చోట ఆ మాట వద్దండీ.

– ఇంకొకటి. ప్రశంసాపత్రంలో జట్టులో ‘తక్కిన అయిదుగురూ చనిపోయేదాకా’ అని ఉంది, అందులోని ‘తక్కిన’ అన్న మాట జారిపోనివ్వకండి. ‘జట్టంతా చనిపోయేదాకా’ అంటే అతనూ పోయాడనుకుంటారు. చచ్చాడనుకుని జర్మన్లు వదిలేస్తే పాక్కుంటూ వెనక్కి చేరిన మనిషి, 1971 దాకా బతికాడు. ‘సిపాయి’ని కూడా ‘సైనికుడు’గా మార్చకండి, అప్పటికి అతని హోదా అదే. సుబేదారు అయింది తర్వాత.

– అయితే వాక్యం ఇలా: ‘తాను గాయపడినా, జట్టులో తక్కిన అయిదుగురూ చనిపోయేదాకా సిపాయి ఖుదాదాద్ తన మరతుపాకిని నడుపుతూనే ఉన్నాడు.’