ఐర్లాండ్ న్యాయవ్యవస్థకు, మనదానికి అసలు తేడా ఎక్కడ?

ప్రశ్న (విశాఖ నుంచి డబ్లిన్):
నమస్కారం. విశాఖపట్నంలో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, ఎల్‌ఎల్‌ఎం కోసం డబ్లిన్ వచ్చాను. మన ఆదేశిక సూత్రాలకు మూలం ఐర్లాండ్ రాజ్యాంగమని పరీక్షల కోసం చదివానే తప్ప ఆ రాజ్యాంగాన్ని ఏనాడూ తెరిచి చూడలేదు. రెండు దేశాలదీ కామన్ లా (పాత తీర్పులను ఆధారంగా తీసుకునే ఇంగ్లిష్ న్యాయపద్ధతి) సంప్రదాయమే కనుక, తేడా ఎక్కడ మొదలవుతుందో తెలిసినవారు వివరించగలరు. మరో సందేహం: నా స్నేహితురాలి పట్టుచీరను ఇక్కడి లాండ్రీలో పాడుచేశారు. జరీ అంతా నల్లబడిపోయింది. మూడు వందల యూరోల చీర కోసం కోర్టుకు వెళ్లవచ్చా?

సమాధానం 1 (పుస్తకాల పురుగు):
ముందుగా ఐర్లాండ్ రాజ్యాంగంలోని 45వ అధికరణం చదవండి. అందులోని సామాజిక విధాన సూత్రాలను కోర్టులు విచారించరాదని అక్కడే రాసి ఉంది. ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించలేమనే మన 37వ అధికరణం వెంటనే గుర్తుకొస్తుంది. అయితే అసలు తేడా సవరణ పద్ధతిలో ఉంది. 1937 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో నేడు ఒక్క మాట మార్చాలన్నా, పార్లమెంటు ఆమోదించిన బిల్లును ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు కూడా ఆమోదించాలి. మన దేశంలో సవరణాధికారం పార్లమెంటు చేతిలో ఉన్నందువల్లనే 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు, సవరణతో కూడా చెరపరాని రాజ్యాంగ మౌలిక స్వరూపమనే హద్దు గీసింది. అక్కడ అంతిమ నిర్ణయం ప్రజలదే కనుక, సహజ చట్టం (మనుషులు రాయని, ప్రకృతిసిద్ధమని భావించే నైతిక నియమాలు) రాజ్యాంగానికి అతీతమన్న వాదనను 1995లో వారి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఈ ఒక్క పోలికను లోతుగా పట్టుకుంటే మిగిలిన సిలబస్ తేలికవుతుందని నా అభిప్రాయం.

1965లో ఐర్లాండ్‌లో గ్లాడిస్ ర్యాన్ అనే మహిళ వేసిన కేసులో వచ్చిన తీర్పు కూడా తప్పక చదవండి. తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడాన్ని సవాలు చేసిన ఆమె కేసు ఓడిపోయినా, రాజ్యాంగంలో ఎక్కడా రాసిలేని శారీరక సమగ్రత హక్కును కోర్టు గుర్తించింది. జీవించే హక్కును, వ్యక్తిగత స్వేచ్ఛను కాపాడే మన 21వ అధికరణం ఎలా విస్తరించిందో తెలిసిన మీకు ఇది చాలా దగ్గరగా తోస్తుంది.

సమాధానం 2 (లిఫీ తీరం):
చీర విషయం చెబుతానండీ. డిస్ట్రిక్ట్ కోర్టులో స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి ఉంది. 2,000 యూరోల లోపు వినియోగదారుల వివాదాలకు 25 యూరోల రుసుముతో, లాయరు లేకుండానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. అవతలివారు 15 రోజుల్లో బదులివ్వకపోతే మీ క్లెయిమ్‌పై వివాదం లేనట్టే పరిగణిస్తారు. కాదంటే ముందు రిజిస్ట్రార్ రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే జడ్జి వింటారు. చీర కొన్న రసీదు, లాండ్రీ చీటీ, పాడైన జరీ దగ్గరగా తీసిన ఫొటోలు సిద్ధం చేసుకోమనండి.

డిస్ట్రిక్ట్ కోర్టు సాధారణ సివిల్ పరిమితి 15,000 యూరోలు, దానిపై సర్క్యూట్ కోర్టుది 75,000. ఆపైన దేశమంతటికీ ఒకటే హైకోర్టు, 2014లో ఏర్పడిన అప్పీల్ కోర్టు, సుప్రీంకోర్టు ఉన్నాయి. తీవ్రమైన నేరాలను పన్నెండుమంది సామాన్య పౌరుల జ్యూరీ విచారిస్తుంది.

సమాధానం 3 (పుస్తకాల పురుగు):
జ్యూరీకి ఒక మినహాయింపు ఉందండీ: స్పెషల్ క్రిమినల్ కోర్టులో జ్యూరీ ఉండదు, ముగ్గురు న్యాయమూర్తులే తీర్పు చెబుతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. లాండ్రీ చీటీ భద్రంగానే ఉంది. రసీదు కోసం చీర కొన్న దుకాణానికి ఈ రోజే ఫోన్ చేయిస్తున్నాము.