కోళ్ల షెడ్డులో అమ్మోనియా ఘాటు తగ్గేదెలా?

డీప్ లిట్టర్ (నేల మీద ఊక పరుపు, అదే లిట్టర్, పరిచి పెంచే) బ్రాయిలర్ షెడ్డు. వరి ఊక 5 సెంటీమీటర్ల మందం, కోళ్ల వయసు 24 రోజులు. పొద్దున్నే పరదాలు ఎత్తేసరికి ఘాటుకి కళ్లు మండుతున్నాయి, పనివాళ్లకు దగ్గు. కోడి తల ఎత్తులో అమ్మోనియా మీటరు 35 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 35) చూపిస్తోంది, 25 దాటకూడదు కదా. (నిలబడి ముక్కు దగ్గర కొలిస్తే తక్కువే వస్తుంది, ఆ అంకె నమ్మొద్దు.)

నిపుల్ లైన్ (కోళ్లు నీళ్లు తాగే చుక్కల గొట్టం) కింది లిట్టర్ గుప్పిట్లో పిసికితే ముద్ద కడుతోంది, మిగతాచోట్ల పొడిపొడిగా విడిపోతోంది. అంటే తడి అక్కడే. నిపుళ్ల ఎత్తు పెంచి, నీటి ప్రెషర్ తగ్గించి, గడ్డకట్టింది తీసేసి కొత్త ఊక వేయడం అయింది. అయినా రాత్రి పరదాలు దించితే మళ్లీ అదే. సున్నం చల్లమని చాలామంది అంటారు గానీ, అది పీహెచ్ (క్షార గుణం) పెంచి లిట్టర్‌లోని అమ్మోనియాను ఇంకా పైకి లేపుతుంది. కోళ్లు ఉండగా వద్దే వద్దు.

అడిగేది రెండే. సున్నానికి బదులు, పీహెచ్ తగ్గించేందుకు, కోళ్లు లోపల ఉండగానే సూపర్ ఫాస్ఫేట్ గానీ పటిక గానీ చల్లినవాళ్లు చదరపు మీటరుకు ఎంత వేశారు, పాదాలకు పుండ్లు రాలేదా? రాత్రి చలి తగలకుండా పరదా పైన ఎంత ఖాళీ వదులుతున్నారు?

ఇంకోటి: తీసిన తడి లిట్టర్ కుప్ప బావికి దగ్గర్లోనే ఉంది. వాన పడితే నైట్రేట్ నీళ్లలోకి దిగుతుంది. ఎంత దూరం జరపాలి, దేంతో కప్పాలి?