దాడి జరిగిన రాత్రే బాధితురాలి చేతికి ట్యాబ్ ఇవ్వడం సరైనదేనా?

రాత్రిడ్యూటీ:

నేను అమెరికాలో ఎమర్జెన్సీ నర్సును. లైంగిక దాడికి గురైనవాళ్లకు సాక్ష్యాలు సేకరించే ఫోరెన్సిక్ పరీక్ష చేయడానికి విడిగా శిక్షణ తీసుకున్నాను. ఈమధ్య మా దగ్గర ఒక వాదన నడుస్తోంది. పరీక్ష అయ్యాక, ఇంటికి పంపేముందు, బాధితురాలికి ఒక ట్యాబ్‌లో చిన్న కార్యక్రమం చూపించాలన్నది ప్రతిపాదన. రాబోయే వారాల్లో పీడకలలు, ఉలికిపాటు, బయటికి వెళ్లాలంటే భయం ఎందుకు వస్తాయో అందులో చెబుతారు. వాటిని అణచడానికి నొప్పి మాత్రలో, మద్యమో వాడితే ఏమవుతుందో, బదులుగా ఏం చేయొచ్చో చెబుతారు. తర్వాత కొన్నాళ్లు ఫోనుకు మెసేజీలు వస్తాయి. సగంమంది సరే అంటున్నారు, సగంమంది ఆ స్థితిలో ఉన్న మనిషికి వీడియో చూపించడమేమిటి అంటున్నారు.

నేను ఇవ్వాలి అనే పక్షం. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో హైడీ రెస్నిక్ బృందం ఫోరెన్సిక్ పరీక్షకు ముందు 17 నిమిషాల వీడియో చూపించి పరిశోధన చేసింది. 140 మంది మహిళల ఫలితాలు 2007లో వచ్చాయి. అంతకుముందు కూడా అత్యాచారానికి గురైనవాళ్లలో, వీడియో చూసినవారికి తొలి వారాల్లో పీటీఎస్‌డీ (భయానక ఘటన తర్వాత వెంటాడే మానసిక సమస్య), డిప్రెషన్ లక్షణాలు తక్కువగా ఉన్నాయి. గంజాయి వాడకం కూడా తగ్గినట్టు అదే బృందం రాసింది. ఆ దారిలోనే అమాండా గిల్మోర్ లాంటి పరిశోధకులు ట్యాబ్, ఫోను మీద నడిచే రూపాలు తయారుచేసి పరీక్షిస్తున్నారు.

నా వార్డులో నేను చూసేది ఇది. ఆమె వెళ్లిపోయాక మళ్లీ మాకు కనబడదు. ఫాలో-అప్ తేదీ రాసిచ్చినా చాలామంది రారు. చేతిలో ఉండేది మందుల కవరు ఒక్కటే. ఒళ్లంతా నొప్పి, రాత్రి నిద్ర లేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఓపియాయిడ్ మాత్ర, అంటే అలవాటుపడే ప్రమాదమున్న బలమైన నొప్పి మాత్ర, నొప్పితోపాటు ఆ భయాన్ని కూడా కాసేపు మొద్దుబారుస్తుంది. నొప్పి తగ్గాక కూడా నిద్ర కోసం అదే మాత్ర వేసుకోవడం అలా మొదలవుతుంది. అది మొదలుకాకముందే చెప్పడానికి మాకు దొరికే సమయం ఆ ఒక్క రాత్రే.

విశాఖ_సైకియాట్రీ:

సిస్టర్, మీ ఆవేదన అర్థమవుతుంది. కానీ ఈ రంగంలో మంచి ఉద్దేశంతో హాని చేసిన చరిత్ర ఉంది. ప్రమాదం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే 'డీబ్రీఫింగ్' పద్ధతి ఒకప్పుడు అంతటా నడిచింది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాలవాళ్ల మీద చేసిన పరిశోధనలో, 13 నెలల తర్వాత చూస్తే డీబ్రీఫింగ్ అందినవారిలో 26 శాతానికి పీటీఎస్‌డీ ఉంది, అందనివారిలో 9 శాతానికే. ఎన్నో పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష కూడా ఒక్క విడత డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపదనే తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో వద్దంది.

ఇంకో విషయం. 1992లో రోత్‌బామ్, ఫోవా బృందం అత్యాచార బాధితులను వారం వారం గమనించింది. మొదటి రెండు వారాల్లో 94 శాతంమందిలో పీటీఎస్‌డీ లక్షణాలన్నీ ఉన్నాయి. మూడు నెలలకు అది 47 శాతానికి వచ్చింది. అంటే సగంమంది తమంతట తామే తేరుకుంటున్నారు. అందరికీ మొదటి రాత్రే "నీకు ఇవి రావచ్చు" అని జాబితా చదివితే, తేరుకోబోయేవాళ్ల మనసులో కూడా జబ్బు భయం నాటినట్టు కాదా? మీరు చెప్పిన 2007 పరిశోధనలోనూ మేలు కనబడింది ముందు కూడా దాడికి గురైనవాళ్లలో. మొదటిసారి బాధితులైనవాళ్లలో ఆ మేలు అలా కనబడలేదు. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు.

రాత్రిడ్యూటీ:

డాక్టర్ గారూ, దాటేయలేదు, ఎవరికి మేలు కనబడిందో అందులోనే రాశాను. కానీ డీబ్రీఫింగ్‌నూ దీన్నీ ఒకే గాటన కట్టకండి. డీబ్రీఫింగ్ ఆమెచేత జరిగింది చెప్పిస్తుంది. ఈ కార్యక్రమం ఆమెను ఏమీ అడగదు. మధ్యలో ఆపేయొచ్చు, అసలు వద్దనొచ్చు. 'పిచ్చెక్కుతోందేమో' అని ఆమె అనుకునే విషయం నూటికి 94 మందికి వస్తుందని తెలిస్తే భయం పెరుగుతుందంటారా, తగ్గుతుందంటారా? నేను చూసినంతలో తగ్గుతుంది. "అందరికీ ఇలాగే ఉంటుందా సిస్టర్?" అని అడిగి, అవునంటే ఊపిరి పీల్చుకున్నవాళ్లను చూశాను.

తేరుకోని ఆ 47 శాతంమంది ఎవరో మొదటి రాత్రి మనకు తెలియదు. మూడు నెలలు ఆగితే తెలుస్తుంది. కానీ అప్పటికి వాళ్లు మన దగ్గర ఉండరు.

డేటాకాపలా:

డల్లాస్‌లో హెల్త్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను. వైద్యం మీరిద్దరూ చూసుకోండి, నాకు వేరే టెన్షన్ ఉంది. ట్యాబ్ ఆసుపత్రిది అయితే అందులో సమాచారం ఆసుపత్రి చట్టాల కిందికి వస్తుంది. అదే ఆమె సొంత ఫోనులో ఏదో కంపెనీ యాప్ వేయిస్తే, రోగుల సమాచారాన్ని కాపాడే హిపా చట్టం మామూలుగా దానికి వర్తించదు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ బెటర్‌హెల్ప్ తన వినియోగదారుల సమాచారం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్‌లాంటి వాటికి ప్రకటనల కోసం ఇచ్చిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెట్టి 78 లక్షల డాలర్లు కట్టించింది. దాడికి గురైన ఆడపిల్ల ఫోనులో అలాంటి యాప్ ఉంటే, రేపటినుంచి ఆమెకు కనబడే ప్రకటనలు ఎలా ఉంటాయో ఊహించండి.

రెండోది, కంపెనీ ఉంటుందన్న గ్యారంటీ ఏమిటి? ఓపియాయిడ్ వ్యసనానికి డాక్టరు రాసిచ్చే యాప్‌గా 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన రీసెట్-ఓ తెలుసు కదా. దాన్ని తయారుచేసిన పేర్ థెరప్యూటిక్స్ 2023 ఏప్రిల్‌లో దివాలా తీసింది. అదే 2011 నుంచి అమెరికా మాజీ సైనికుల శాఖ ఉచితంగా ఇస్తున్న పీటీఎస్‌డీ కోచ్ యాప్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ యాప్‌కు ఖాతా తెరవక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. చేస్తే అలా చేయండి.

తోడు_న్యూజెర్సీ:

ఇక్కడి తెలుగు ఆడవాళ్లకు కష్టం వస్తే వెంట వెళ్లే వాలంటీర్లలో నేనొకదాన్ని. మీ చర్చంతా ఆమె ఫోను ఆమెదే అనుకుని సాగుతోంది. మేం చూసే చాలా ఇళ్లలో ఫ్యామిలీ ప్లాన్ భర్త పేరు మీద ఉంటుంది, పాస్‌వర్డ్ ఆయనకు తెలుసు. దాడి చేసింది ఆయనే అయితే? "నిద్ర పట్టిందా? శ్వాస అభ్యాసం చేశారా?" అని రాత్రి తొమ్మిదికి మెసేజ్ వస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? భర్త వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాలో ఉన్న అమ్మాయి అసలు ఆసుపత్రికి రావడమే ఎక్కువ. పోలీసు కేసు పెట్టకపోయినా ఫోరెన్సిక్ పరీక్షకు డబ్బు తీసుకోకూడదని ఇక్కడ చట్టం ఉంది. అది కూడా చాలామందికి తెలియదు. బిల్లు ఇంటికొస్తుందన్న భయంతోనే ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

నొప్పి గురించి ఇక్కడ ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. నేను వెంట వెళ్లిన ఒకమ్మాయికి భుజాలు, నడుము వారాలపాటు నొప్పి. దెబ్బ తగిలిన చోటు అది కాదు. డాక్టరు "స్కాన్‌లో ఏమీ లేదు" అని పంపేశారు. నార్త్ కరోలినాలో శామ్యూల్ మెక్‌లీన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు చేసిన పరిశోధనల్లో ఇదే తేలింది. లైంగిక దాడి తర్వాత తీవ్రమైన నొప్పి చాలామందికి ఉంటుంది, గాయం లేని చోట్ల కూడా వస్తుంది, చికిత్స మాత్రం కొద్దిమందికే అందుతుంది. అలాంటప్పుడు "మాత్రలతో జాగ్రత్త" అని మొదటిరోజే వీడియో చూపిస్తే, నొప్పి అని చెప్పడానికే ఆమె జంకుతుంది. నేను మాత్రల కోసం నాటకమాడుతున్నానని అనుకుంటారేమో అనిపిస్తుంది. ముందు నొప్పికి వైద్యం చేయండమ్మా, తర్వాత జాగ్రత్త చెప్పండి.

రాత్రిడ్యూటీ:

అక్కా, నొప్పి సంగతి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. నేను అడుగుతున్నదీ ఆ వరసే. ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ వేళ ప్రకారం ఇవ్వాలి. ఓపియాయిడ్ అవసరమైతే తక్కువ రోజులకు, లెక్కపెట్టి ఇవ్వాలి. దాన్ని మద్యంతో, అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలతో కలిపితే ఊపిరి ఆగిపోవచ్చని నోటితో చెప్పాలి. ఓపియాయిడ్లనూ ఈ రకం నిద్రమాత్రలనూ కలపడం మీద ఎఫ్‌డీఏ 2016లోనే మందు సమాచారంలో పెట్టె కట్టిన తీవ్ర హెచ్చరిక వేయించింది. ఓపియాయిడ్ మోతాదు మించితే దాని ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ స్ప్రే కూడా కొన్ని ఇళ్లలో ఉండాలి. 2023 నుంచి అది చీటీ లేకుండానే దొరుకుతోంది. మీలో కొందరికి ఇది అతి అనిపించవచ్చు. ఈ దేశంలో 2022 ఒక్క ఏడాదిలో ఓపియాయిడ్లు కలిసిన మరణాలు 80 వేలు దాటాయి.

పాలమూరు_కౌన్సెలర్:

నేను మహబూబ్‌నగర్ వైపు మహిళల కేసుల్లో పనిచేస్తాను. అమెరికా సంగతి సరే, దీన్ని యథాతథంగా బాధిత మహిళలకు సాయం చేసే మన సఖి, భరోసా కేంద్రాల్లో పెట్టాలని రేపు ఎవరో ఒకరు అంటారు. అందుకే ముందే రాస్తున్నాను. మా దగ్గర దాడి తర్వాత ఎవరూ ఆక్సీకోడోన్ లాంటి ఓపియాయిడ్లు రాయరు. మా సమస్య వేరు. నిద్ర పట్టడం లేదంటే ఇంట్లోవాళ్లు మెడికల్ షాపులో అడిగి అల్ప్రజోలం తెచ్చి వేసేస్తారు. ఆ మందు మా జిల్లాకు కొత్త కాదు. కల్లులో కలిపేవాళ్లు. 2015లో అధికారులు సోదాలు చేసి ఆ కల్లు ఆగిపోయేసరికి ఫిట్స్‌తో, వణుకుతో జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. కాబట్టి తెలుగులో ఇలాంటిది చేస్తే ఓపియాయిడ్ అధ్యాయం చిన్నదిగా, నిద్రమాత్రల అధ్యాయం పెద్దదిగా ఉండాలి.

ఇంకా, మా ఊళ్లలో ఇంటికి ఒకే స్మార్ట్ ఫోను, అది అబ్బాయి చేతిలో ఉంటుంది. యాప్ కంటే మహిళల హెల్ప్‌లైన్ 181, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నోటికి వచ్చేలా చెబితే ఎక్కువ పనికొస్తుంది. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, ఏ ఫోను నుంచైనా చేయొచ్చు.

విశాఖ_సైకియాట్రీ:

కౌన్సెలర్ గారి మాటకు నా వైపునుంచి బలం చేకూర్చేది ఒకటుంది. దాడి జరిగిన మొదటి నెలలో ఒత్తిడి లక్షణాలకు బెంజోడయజెపైన్లు, అంటే అల్ప్రజోలం, డయజెపామ్ రకం మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకం చెబుతోంది. మన దగ్గర డాక్టర్లే రాస్తున్నారు. వీడియో బాధితురాలికి చూపించేముందు మా డ్యూటీ డాక్టర్లకు చూపించాలి.

ఇక సిస్టర్, మీ కార్యక్రమానికి నేను పూర్తిగా వ్యతిరేకిని కాను. అందరికీ తప్పనిసరి చేసి, "మానసిక సహాయం అందించాం" అని కేస్ షీట్‌లో టిక్కు పెట్టి, సోషల్ వర్కర్ పోస్టు తీసేస్తారు. నా భయం అది. వీడియో చవక, మనిషి జీతం ఖరీదు. ఏది పోతుందో నాకు తెలుసు.

రాత్రిడ్యూటీ:

ఆ భయం నాకూ ఉంది. అందుకే మా మేనేజర్‌కు ఇచ్చే కాగితంలో ఈ షరతులు రాస్తున్నాను. ట్యాబ్ ఆసుపత్రిదే, సొంత ఫోనులో ఏదీ డౌన్‌లోడ్ చేయించం. మెసేజ్‌లు కావాలో వద్దో ఆమెనే అడుగుతాం, అదీ ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, ఫోను ఇంకెవరు చూస్తారని అడిగాక. ఒప్పుకుంటే మెసేజ్‌లో 'మీ అపాయింట్‌మెంట్' అన్నంతవరకే ఉంటుంది. వారం లోపల నర్సు ఫోన్ చేస్తుంది, నెలకు మరోసారి. నర్సు ఫోన్ చేయడానికి మనిషిని కేటాయించకపోతే ట్యాబ్ కూడా వద్దని రాశాను. మొదటిసారి బాధితులైనవారి ఫలితాలు విడిగా రాసిపెడతాం. వాళ్లకు మేలు కనబడకపోతే వాళ్లకు ఆపేస్తాం.

విశాఖ_సైకియాట్రీ:

చివరి షరతు ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఆపేసే నిర్ణయం ఎవరు, ఎన్ని నెలలకు తీసుకుంటారో కూడా రాయండి. లేకపోతే ఎవరూ ఆపరు.

డేటాకాపలా:

నర్సు ఫోన్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఆసుపత్రి పేరు పడకుండా చూడండి. ఇది చిన్న సెట్టింగే, అడిగితే ఐటీ వాళ్లు చేస్తారు.

తోడు_న్యూజెర్సీ:

ఇలాంటి కార్యక్రమం ఇక్కడ ఇంగ్లిష్, స్పానిష్‌లో తప్ప నాకు కనబడలేదు. మీరు ఒప్పుకుంటే మాటలు తెలుగులో నేను రాస్తాను. మొదట నొప్పి భాగం రాసి పంపుతా. పాలమూరు అక్కా, నిద్రమాత్రల భాగం మీరు రాయాలి. అక్కడివాళ్లు ఆ మాత్రను షాపులో ఏమని అడుగుతారో ఆ మాటే అందులో ఉండాలి.