కొబ్బరి ఈనెలతో లెక్క వస్తోంది, పలక మీద రావడం లేదు: సలహా ఇవ్వగలరా?

కోనసీమలోని ఒక కాలువగట్టు పల్లెలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు నేను పాఠాలు చెబుతున్నాను. మారేడు దళానికి మూడు ఆకులు, ఒంటిరేకు మందారానికి ఐదు రేకులు చొప్పున లెక్కిస్తూ పిల్లలు మూడో ఎక్కం, ఐదో ఎక్కం ఇట్టే పట్టుకున్నారు. రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ అంటూ పాతకాలపు కొలపాత్రలతో ఇసుక కొలిచినప్పుడు సగం, పావు అనే భావనలు కూడా, నేను ఊహించిన దానికంటే సులువుగానే, వారికి అర్థమయ్యాయి.

చిక్కంతా స్థాన విలువల దగ్గర వచ్చింది. కొబ్బరి ఈనెలను పదేసి కట్టలుగా కట్టి, మూడు కట్టలు, నాలుగు విడి ఈనెలు చూపితే ముప్పై నాలుగని తడుముకోకుండా చెప్పే పిల్లలే, పలక మీద మాత్రం 304 అని రాస్తున్నారు. ముప్పై అన్న మాట వినగానే 30 రాసి, పక్కన 4 చేరుస్తున్నారని నా అనుమానం. కట్టల నుంచి అంకెలకు వారిని ఏ మెట్ల మీదుగా తీసుకురావాలి? వానాకాలంలో, కాలువ నిండుగా పారే రోజుల్లో, గట్టుకు వెళ్లకుండా బడి ఆవరణలోనే చేయించదగిన పనులేమిటో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.